తలకెక్కిన కొవ్వు

ఎవడైనా కాస్త పొగరుగా మాట్లాడితే "వీడికి కొవ్వు తలకెక్కిందిరా" అంటాం కదా. ఆలోచిస్తే అది తిట్టు కానే కాదు, ఉన్న మాటే. నీరంతా తీసేసి తూస్తే మనిషి మెదడులో సగం దాకా, ఇంకా పైన కూడా, కొవ్వు పదార్థాలే. ఒంటి బరువులో మెదడు వాటా 2 శాతమే కానీ, ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్లో అయిదో వంతుకి తక్కువ కాకుండా అక్కడే ఉంటుంది. బుద్ధిమంతుడికైనా, బుద్ధిలేనివాడికైనా ఇదే లెక్క.

నేను ఈ లెక్కల్లో పడడానికి కారణం మా నాన్న. కొలెస్ట్రాల్ తగ్గడానికి డాక్టరు రాసిచ్చిన మాత్రలు రెండు వారాలుగా వేసుకోవట్లేదని అమ్మ ఫోన్లో చెప్పింది. ఎందుకు నాన్నా అంటే, ఎవరో వాట్సాప్‌లో పంపారట: మెదడంతా కొలెస్ట్రాల్‌తోనే తయారైంది, దాన్ని తగ్గించుకుంటే మతిమరుపు ఖాయం అని. "మెదడులో కొవ్వుందన్న మాట నిజమా కాదా, ముందు అది చెప్పు" అన్నాడు. నిజమే అన్నాను. "మరి?" అన్నాడు.

ఆ "మరి?"కి నా దగ్గర సమాధానం లేదు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, బయాలజీ ఇంటర్‌కి ముందే వదిలేశాను. సరే చూద్దామని మొదలుపెడితే అది 300 ఏళ్ళ వెనక్కి లాక్కెళ్ళింది.

జర్మనీలో గీసెన్ అనే చిన్న ఊళ్ళో హెన్‌సింగ్ అనే ఆయన 1719లో మెదడులోంచి ఫాస్ఫరస్ తీశాడు. అంతకు 50 ఏళ్ళ ముందు ఫాస్ఫరస్‌ని మొదటిసారి కనిపెట్టింది మూత్రంలో. చీకట్లో మెరిసే పదార్థం, అదీ మెదడులో! ఇక ఊహలకి కొదవేముంది? 1786-87లో పారిస్‌లో ఒక పాత శ్మశానాన్ని తవ్వి ఖాళీ చేస్తుంటే, కుళ్ళిపోవాల్సిన శవాలు కొన్ని మైనంలా మారిపోయి కనబడ్డాయి. ఫూర్‌క్రువా అనే రసాయన శాస్త్రవేత్త ఆ మైనాన్ని పరీక్షించాడు. ఆయన శిష్యుడు వోక్లాన్ 1811లో మెదడులో ఉన్న కొవ్వులోనే ఫాస్ఫరస్ కలిసి ఉందని తేల్చాడు. ఇక్కడిదాకా బానే ఉంది. 1834లో కుయెర్బ్ అనే ఇంకో ఫ్రెంచాయన ఒకడుగు ముందుకేసి, మామూలు మనుషుల మెదడులో ఇంత ఫాస్ఫరస్, పిచ్చివాళ్ళలో ఎక్కువ, మందబుద్ధుల్లో తక్కువ అని అంకెలతో సహా రాసేశాడు. 1850 ప్రాంతాల్లో మోలెషాట్ ఫాస్ఫరస్ లేనిదే ఆలోచనే లేదన్నాడు. చేపలు తింటే తెలివి పెరుగుతుందన్న మాటకి ఊపొచ్చింది ఆ ఫాస్ఫరస్ పిచ్చిలోనే. అంటే మా నాన్న వాట్సాప్ సందేశానికి ముత్తాతలు 19వ శతాబ్దంలోనే ఉన్నారన్నమాట :)

అసలు కథ థుడికుమ్‌తో మొదలవుతుంది. యోహాన్ లుడ్విగ్ విల్హెల్మ్ థుడికుమ్ 1829లో జర్మనీలో పుట్టాడు. గీసెన్‌లోనే చదువుకున్నాడు, లీబిగ్ దగ్గర రసాయన శాస్త్రం నేర్చుకున్నాడు. 1853లో లండన్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. వైద్యుడు. చెవి, ముక్కు, గొంతు డాక్టర్లు ముక్కులోకి చూడడానికి వాడే చిమటా లాంటి పరికరానికి ఇవాళ్టికీ ఆయన పేరే. మన ఊళ్ళలో కూడా ఏ ఈఎన్‌టీ డాక్టరు బల్ల మీదైనా అది ఉంటుంది. వైన్‌ల మీద ఒక లావుపాటి పుస్తకం, వంట మీద ఇంకొకటి రాశాడు. ఇవన్నీ పక్కన చేసిన పనులు. ముఖ్యమైన పని మెదడుది.

ఆయన వాదన సూటిగా ఉంటుంది. మెదడుకి వచ్చే రోగాలేమిటో తెలియాలంటే, రోగం లేని మెదడు దేనితో తయారైందో ముందు తెలియాలి. ఒంట్లోనే పుట్టే విషాలు మెదడు పదార్థం మీద పనిచేసి కొన్ని రకాల పిచ్చిని తెప్పిస్తాయని ఆయన గట్టి నమ్మకం. బ్రిటిష్ ప్రభుత్వ వైద్యాధికారి జాన్ సైమన్ ప్రాపకంతో సర్కారు డబ్బు కొంత వచ్చింది. ఇక మొదలు. మనుషులవీ, పశువులవీ మెదళ్ళు వందల కొద్దీ తెప్పించుకుని, రుబ్బి, వేడి ఆల్కహాల్లో కాచి, చల్లార్చి, ఈథర్‌లో కరిగించి, సీసం లవణాలతో, కాడ్మియం లవణాలతో ఒక్కోదాన్ని విడగొడుతూ ఏళ్ళ తరబడి కూచున్నాడు. ఆయన దగ్గర ఉన్నవి త్రాసు, సీసాలు, ఓపిక. అంతే.

అప్పటికి పెద్దలందరి అభిప్రాయం వేరు. 1865లో లీబ్రైఖ్ అనే జర్మన్, మెదడులో ఉన్నదంతా దాదాపు ఒకే ఒక పెద్ద అణువు అన్నాడు. దానికి "ప్రొటాగాన్" అని పేరు పెట్టాడు. మిగతావన్నీ అది విరిగితే వచ్చే ముక్కలే అని వాదన.  ఇంగ్లండులో గామ్‌జీ 1879లో కొత్త ప్రయోగాలతో మళ్ళీ నిలబెట్టాడు. ఎన్నిసార్లు కరిగించి స్ఫటికాలు చేసినా అవే పాళ్ళు వస్తున్నాయి, కాబట్టి ఇది ఒకే పదార్థం అన్నారు. థుడికుమ్ మాత్రం కాదు, ఇది కలగాపులగం, కావాలంటే విడదీసి చూపిస్తా అన్నాడు. చూపించాడు కూడా. కెఫాలిన్, సెరిబ్రోసైడ్, స్ఫింగోమయెలిన్, స్ఫింగోసిన్... ఈ పేర్లన్నీ ఆయన పెట్టినవే. స్ఫింగోసిన్ గుణం ఏమిటో ఎంతకీ అంతుబట్టక, పొడుపుకథలు వేసే గ్రీకుల స్ఫింక్స్ పేరు దానికి తగిలించాడు. ఫాస్ఫరస్ ఉన్న కొవ్వులకి "ఫాస్ఫటైడ్"లని పేరు పెట్టి, ప్రాణమున్న ప్రతి కణానికీ ఇవే ఆయువుపట్టు అన్న అర్థంలో రాశాడు. ఇదంతా 1884లో లండన్‌లో పుస్తకంగా వచ్చింది.

ఏమైంది? ఏమీ కాలేదు. కొందరు తిట్టారు, చాలామంది అసలు పట్టించుకోలేదు. ఆయనా తక్కువవాడు కాదు లెండి, ఎదటివాళ్ళ మీద నిప్పులు చెరిగేవాడు. అది కూడా దెబ్బ తీసి ఉంటుందని నా అనుమానం. సర్కారు డబ్బు ఆగిపోయింది. సొంత ఇంట్లో ప్రయోగాలు చేసుకుంటూ, 1901లో జర్మన్‌లో పుస్తకం మళ్ళీ తెచ్చి, అదే ఏడాది పోయాడు. 1907 నుంచి రోజెన్‌హైమ్, టెబ్ అనే ఇద్దరు లండన్‌లో ఆ పనంతా తిరగతోడి, ప్రొటాగాన్ అనే పదార్థమే లేదని తేల్చారు. థుడికుమ్ విడదీసి చూపించిన వాటి మిశ్రమమే అది. అంటే 40 ఏళ్ళకి పైగా లేని వస్తువు పాఠ్యపుస్తకాల్లో బతికింది. స్ఫింగోసిన్ నిర్మాణం కచ్చితంగా తేలింది 1947లో, కార్టర్ అనే అమెరికన్ చేతుల మీదుగా.

మెదడులో ఏముందన్న ప్రశ్న సగం తీరింది. అది అక్కడ చేస్తున్నదేమిటన్నది మిగిలింది. ఇక్కడే రెండో పొరపాటు జరిగింది.

1930లలో న్యూయార్క్‌లో షోన్‌హైమర్ ఒక అందమైన కిటుకు పట్టాడు. మామూలు హైడ్రోజన్ బదులు బరువైన హైడ్రోజన్ ఉన్న కొవ్వుని ఎలుకలకి పెట్టి, అది ఒంట్లో ఎక్కడెక్కడికి పోతోందో చూశాడు. మేటవేసి కదలకుండా పడి ఉంటుందనుకున్న కొవ్వు నిజానికి నిత్యం మారిపోతోంది. అదే పద్ధతి మెదడు మీద ప్రయోగిస్తే మాత్రం (1940, వేల్ష్, స్పెర్రీ వాళ్ళు) పెరుగుతున్న ఎలుకపిల్లల్లో గుర్తు బాగానే చేరింది, పెద్ద ఎలుకల్లో చాలా కొద్దిగా. ముఖ్యంగా కొలెస్ట్రాల్ ఇంచుమించు కదలనట్టే కనబడింది. దాంతో పెద్దయ్యాక మెదడు కొవ్వు గోడలో ఇటుక లాంటిది, ఒకసారి కట్టాక ఇక అంతే అన్న అభిప్రాయం స్థిరపడింది. కొలత తప్పు కాదు. మెదడు కొలెస్ట్రాల్లో ఎక్కువ భాగం నరాల తీగలకి చుట్టిన మయెలిన్ అనే తొడుగులో ఉంటుంది, అది నిజంగానే నెమ్మదిగా మారుతుంది. సగటు తీస్తే ఆ తొడుగు మందకొడితనం కింద, పక్కనే పరుగులు తీస్తున్న కొంచెం భాగం కనబడకుండా పోయింది. సర్వర్ల సగటు లోడ్ చూసి అంతా ప్రశాంతంగా ఉందనుకున్న రోజులు నాకూ ఉన్నాయి.

ఆ పరుగులు తీసే భాగమే సినాప్స్. ఒక నాడీకణం ఇంకో నాడీకణానికి కబురందించే చోటు. రెండిటికీ మధ్య 20 నానోమీటర్ల సందు. ఇవతలి కణం కొసలో కొవ్వు పొరతో చేసిన చిన్న చిన్న సంచులుంటాయి, వాటిలో రసాయనం ఉంటుంది. కబురు పంపాల్సి వచ్చినప్పుడు సంచి వెళ్ళి కణం పొరకి అతుక్కుని, పగిలి, లోపలిది సందులోకి ఒంపేస్తుంది. ఈ సంచులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో కనబడింది 1950ల మధ్యలో.

సరిగ్గా అప్పుడే మేబెల్ హోకిన్, లోవెల్ హోకిన్ అనే భార్యాభర్తలు, పావురం క్లోమగ్రంథి ముక్కల మీద పనిచేస్తున్నారు. అది జీర్ణరసాన్ని విడుదల చేసేటప్పుడు లోపల రేడియోధార్మిక ఫాస్ఫరస్ ఎటు పోతోందో చూస్తుంటే, వాళ్ళు ఎదురుచూడని చోట, ఫాస్ఫరస్ ఉన్న కొవ్వుల్లో, గుర్తు గబగబా చేరిపోతోంది. ఇది 1953. రెండేళ్ళకి మెదడు ముక్కల మీద చేసినా అదే జరిగింది. నాడీకణం పనిచేస్తుంటే దాని పొరలో కొవ్వు విరుగుతోంది, మళ్ళీ అతుక్కుంటోంది. ఇటుక అనుకున్నది ఇటుక కాదు. దీని పూర్తి అర్థం బయటపడడానికి ఇంకో 30 ఏళ్ళు పట్టింది: ఆ విరిగిన ముక్కల్లో ఒకటి కణం లోపల కాల్షియాన్ని వదిలించే సంకేతమని 1983లో బెరిడ్జ్ బృందం చూపించింది.

ఇక్కడొక మనవాడి సంగతి చెప్పకుండా ఉండలేను. కొవ్వులో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడం థుడికుమ్ కాలంలో పెద్ద ప్రయాస. 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్, ఎల్లాప్రగడ సుబ్బారావు కలిసి, ద్రావణం నీలంగా మారే గాఢతని బట్టి ఫాస్ఫరస్‌ని తేల్చే పద్ధతి కనిపెట్టారు. అవును, భీమవరంలో పుట్టిన సుబ్బారావుగారే. 1959లో బార్ట్‌లెట్ అనే ఆయన దాన్నే కొంత మార్చి ఫాస్ఫోలిపిడ్ల కొలతకి వాడాడు. ఆ మార్చిన పద్ధతి ఇప్పటికీ కొవ్వుల మీద పనిచేసే ప్రయోగశాలల్లో నడుస్తోంది. సుబ్బారావుగారంటే మనం మందుల గురించే చెప్పుకుంటాం, ఈ నీలం రంగు గురించి ఎవరూ చెప్పరు.

మళ్ళీ సినాప్స్ దగ్గరికి. సంచి పగిలి పొరలో కలిసిపోయింది, సరే. అలా కలుస్తూ పోతే కణం కొస ఉబ్బిపోవాలి, సంచులు అయిపోవాలి. రెండూ జరగవు. 1973లో హ్యూజర్, రీస్ కప్ప కండరం మీద ప్రయోగం చేసి, కలిసిపోయిన పొరని కణం మళ్ళీ లోపలికి లాక్కుని కొత్త సంచులు చేసుకుంటోందని చూపించారు. సరిగ్గా ఎలా లాక్కుంటుందన్న దాని మీద అదే ఏడాది చెక్కరెల్లి బృందం వేరేలా చెప్పింది, ఆ తగువు దశాబ్దాల పాటు నడిచింది. అది వదిలేద్దాం. పొర తిరిగొస్తుందన్నది మాత్రం ఖాయం.

ఏ ముక్కని లాగాలో కణానికెలా తెలుసు? హోకిన్ దంపతుల కొవ్వు జాతికి చెందినదే ఒకటి, ఫాస్ఫేట్లు తగిలించుకుని, పొర మీద సుద్దగుర్తులా పనిచేస్తుంది. గుర్తున్న చోటికి లాగే ప్రొటీన్లు చేరతాయి. సంచి లోపలికొచ్చాక ఆ గుర్తు చెరిపెయ్యాలి, లేకపోతే లాగిన ప్రొటీన్లు దాన్ని వదలవు. చెరిపే ఎంజైమ్ పేరు సినాప్టోజానిన్. పియెట్రో డి కామిల్లి బృందం 1996లో దాన్ని పట్టుకుంది. 1999లో ఆ ఎంజైమ్ లేని ఎలుకల్ని పుట్టిస్తే, వాటి సినాప్స్‌ల నిండా గుర్తు చెరగని, తొడుగు ఊడని సంచులు పేరుకుపోయాయి. ఆ ఎలుకలు పుట్టిన కొద్ది రోజుల్లోనే చచ్చిపోయాయి.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా తెలిసిన బాధ. కొత్తగా కట్టే ప్రాజెక్టంటే అందరూ ఎగబడతారు, మెయింటెనెన్స్‌లో వేశారంటే మొహం మాడ్చుకుంటారు. నడుస్తున్న వ్యవస్థని ఆపకుండా బాగుచేయడం ఎంత కష్టమో రాత్రి రెండింటికి ఫోను వచ్చినవాడికే తెలుసు. సినాప్స్‌లు ఎలా పుడతాయన్న దాని మీద ఉన్న మోజు, పుట్టినవి 60, 70 ఏళ్ళు ఎలా నిలబడతాయన్న దాని మీద చాలాకాలం ఎవరికీ లేదనిపిస్తుంది నాకు.

దీనికి సరుకు ఎవరిస్తున్నారు? తిండిలో కొలెస్ట్రాల్ మెదడులోకి పోదు. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడ దాన్ని రానివ్వదు. మెదడు తన కొలెస్ట్రాల్ తానే తయారుచేసుకోవాలి. 1997లో ఫ్రీగర్, బారెస్ ఎలుక కంటి నాడీకణాల్ని ఒంటరిగా పెంచితే అవి బతికాయి కానీ సినాప్స్‌ల పని అంతంతమాత్రం. గ్లియా అనే పక్క కణాలు కలిపితే పుంజుకున్నాయి. ఆ గ్లియా ఇస్తున్నదేమిటని నాలుగేళ్ళు వెతికి, 2001లో కొలెస్ట్రాల్ అని తేల్చారు. అపో-ఇ అనే ప్రొటీన్ మూటల్లో అది చేరుతోంది. నాడీకణం పెద్దయ్యాక సొంత తయారీ తగ్గించుకుని, ఈ గ్లియా సరఫరా మీద ఆధారపడుతుందని ఫ్రీగర్ ప్రతిపాదన. గ్లియా అన్న మాటకి గ్రీకులో అర్థం జిగురు. జిగురుగా పడి ఉంటుందనుకున్న కణాలే వంటవాళ్ళని తేలింది.

అపో-ఇ పేరు వినగానే వైద్యులకి గుర్తొచ్చేది 1993. ఆ ఏడాది డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆలన్ రోజెస్ బృందం, ఈ ప్రొటీన్‌లో ఇ4 అనే రకం వారసత్వంగా వచ్చినవాళ్ళకి అల్జైమర్స్ వచ్చే అవకాశం ఎక్కువని చూపించింది. అప్పటిదాకా అది గుండె డాక్టర్ల ప్రొటీన్. కొవ్వు మోసే కూలీకి మతిమరుపుతో పనేంటని చాలామందికి మింగుడుపడలేదు. అసలు 1907లో అల్జైమర్ స్వయంగా తన రోగి మెదడులో గ్లియాలో కొవ్వు పేరుకుని ఉందని రాశాడు. ఆ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. గత పదేళ్ళలో హ్యూగో బెలెన్ వంటివాళ్ళ పని వల్ల ఇంకో సంగతి బయటపడింది: నాడీకణాలు పాడైన కొవ్వుని మూటగట్టి గ్లియాకి పంపించేస్తాయి, అపో-ఇ4 ఆ మోతలో నీరసమైనది. సరుకు రావడమే కాదు, చెత్త పోవడం కూడా.

నాన్న ప్రశ్నకి దగ్గరగా వచ్చింది మాత్రం డాలస్ ప్రయోగం. అడ్డుగోడ దాటలేని కొలెస్ట్రాల్ బయటికి పోవాలంటే, నాడీకణంలో ఒక ఎంజైమ్ దాన్ని కాస్త మార్చాలి. 2006లో డేవిడ్ రసెల్ వాళ్ళు ఆ ఎంజైమ్ లేని ఎలుకల్ని చూశారు. వాటి మెదడులో కొలెస్ట్రాల్ పెరగలేదు. పారబోత తగ్గింది కాబట్టి తయారీ కూడా తగ్గించుకున్నాయి. మొత్తం అంతే ఉంది. కానీ ఆ ఎలుకలు సరిగ్గా నేర్చుకోలేకపోయాయి, సినాప్స్‌లు బలపడలేదు. కొలెస్ట్రాల్ తయారీ దారిలో మధ్యలో పుట్టే ఇంకో చిన్న పదార్థం నిత్యం అందాలన్నమాట. మెదడు ముక్కల మీద స్టాటిన్ మందు నేరుగా పోసి తయారీ ఆపితే మామూలు ఎలుకల్లోనూ ఇదే జరిగింది. ఆ చిన్న పదార్థం ఇస్తే కోలుకుంది, కొలెస్ట్రాల్ ఇస్తే కోలుకోలేదు. కాబట్టి లెక్క నిల్వది కాదు, ప్రవాహానిది.

అంటే వాట్సాప్ సందేశంలో ఒక పలుకు నిజముంది. కానీ ముక్క మీద పోసిన మందు వేరు, మింగిన మాత్ర వేరు. 2002లో వచ్చిన హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలో 20,536 మందిని సుమారు 5 ఏళ్ళు చూస్తే, స్టాటిన్ వేసుకున్నవాళ్ళకీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకీ జ్ఞాపకశక్తిలో తేడా కనబడలేదు. అరుదుగా కొందరు మతిమరుపు వస్తోందన్నారని, మాత్ర ఆపితే తగ్గిందని 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ లేబుల్ మీద రాయించింది. ఉన్నవి రెండూ చెప్పాలి.

2025లో ఇంకొకటి వచ్చింది. మెదడు చక్కెరనే తప్ప కొవ్వుని కాల్చదని ఇన్నాళ్ళూ పాఠం. న్యూయార్క్‌లో టిమోతీ రయన్ ల్యాబ్ వాళ్ళు, నాడీకణాల్లో కొవ్వు బిందువులు ఎప్పుడూ తయారవుతుంటాయని, చక్కెర అందనప్పుడు సినాప్స్ వాటిని కాల్చుకుని సంచుల పని నడిపించుకోగలదని చూపించారు. ఆ కొవ్వుని విడగొట్టే డీడీహెచ్‌డీ2 అనే ఎంజైమ్ పుట్టుకతో లోపిస్తే పిల్లలకి కాళ్ళు బిగుసుకుపోయే జబ్బు వస్తుందని అంతకు ముందే తెలుసు. ఎందుకొస్తుందో ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

నాన్నకి ఇదంతా చెప్పలేదు. ఆదివారం ఫోన్ చేసి, నీ మెదడు తన కొవ్వు తానే చేసుకుంటుంది, నీ రక్తంలోది అక్కడికి పోదు, మాత్ర మానాలో వద్దో డాక్టర్నే అడుగు, వాట్సాప్‌ని కాదు అన్నాను. "మరి నెయ్యి?" అన్నాడు. నెయ్యి కూడా అడగమన్నాను. బుధవారం వెళ్ళొచ్చాడట. మాత్ర మళ్ళీ మొదలుపెట్టాడని అమ్మ చెప్పింది, నెయ్యి గురించి మాత్రం డాక్టరుని అడగలేదట.